ఎడమగట్టున బిషప్పుగారు

కురువెన్యో నదికి రెండు గట్లున్నాయి. ఈ సంగతి పటాల్లో ఉంది, బడిపిల్లలకు తెలుసు, నీళ్లు తాగడానికి దిగే ఆవులకు కూడా తెలుసు. అమాన్సియోకు మాత్రం ఉన్నది ఒక్కటే గట్టు, కుడిది. ఎడమవైపున్నది అతని లెక్కలో గట్టే కాదు. నది పక్కకు ఒలికిపోకుండా దేవుడు అడ్డంగా పోసిన మట్టి.

అతని ప్రాణస్నేహితుడు బెలార్మినో కాపురం ఉండేది సరిగ్గా ఆ మట్టి మీదే.

బెలార్మినో ఆ లోయకంతటికీ మందులమ్మి రిటైరైన మనిషి. ఎవరికి కడుపు సాఫీగా లేదో, ఎవరికి రాత్రుళ్లు నిద్ర పట్టదో, ఫాదరీగారు ఏ మాత్రలు ఎవరికీ చెప్పొద్దని బతిమాలి తీసుకెళ్లేవారో అన్నీ తెలుసు గనక ఊరంతా అతనితో మర్యాదగా ఉండేది. అమాన్సియో ఒక్కడే మర్యాదగా ఉండేవాడు కాదు. అతనికి ఏ జబ్బూ ఉండేది కాదు మరి. బెలార్మినో పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, వాదించడానికి అమాన్సియో ఉండగా ఇంకో మనిషిని కూడా ఎందుకు కష్టపెట్టడం అనేవాడు.

అమాన్సియో కోళ్లు పెంచుతాడు. కూరకు కాదు, గుడ్లకు కాదు, ఈకలకు. కొక్కేనికి సిల్కుదారంతో కోడి ఈక చుట్టి, ఇదిగో ఈగ అని ట్రౌట్ చేపను నమ్మించడం ఆ లోయవాళ్లకు పని, వ్యసనం, మతం. మతం అన్న మాట మీద ఫాదరీగారికి అభ్యంతరం ఉంది గానీ, వేసవి సాయంత్రాలు ఆయన కూడా నడుంలోతు నీళ్లలో ఉండేవారు గనక గట్టిగా ఏమీ అనలేకపోయేవారు. చేపను నమ్మించాలంటే ఈకకు ఒక మెరుపుండాలి. తడిసినా చావని మెరుపు. అది ఆ లోయ కోళ్లకే ఉంటుందని ఊరివాళ్లంతా అంటారు. ఆ లోయలో కూడా కుడిగట్టు కోళ్లకే ఉంటుందని అమాన్సియో అంటాడు. పుంజు ప్రాణంతో వంతెన దాటి ఎడమగట్టున ఒక్క రాత్రి పడుకుందా, ఇక దాని ఈక చచ్చినట్టే, దాంతో పక్కదిండు కుట్టుకోవచ్చు.

ఈ ముక్క మీద స్నేహితులిద్దరూ ముప్పయ్యేళ్లుగా కొట్టుకుంటున్నారు. బెలార్మినో ఒకసారి రెండు గట్ల మట్టినీ చెరో సీసాలో పోసి, షాపు వెనకగదిలో పరీక్షలన్నీ చేసి, రెండూ ఒకటేనని తేల్చి, ఆ సీసాలు పట్టుకుని విజయయాత్రగా వంతెన దాటి వచ్చాడు.

అమాన్సియో సీసాలను ఎండకు పట్టి చూసి, "నీ సీసాలకి ఈకలేమైనా మొలిచాయేంట్రా?" అన్నాడు. "మొలిస్తే చెప్పు, వచ్చి పీకుతాను."

జూన్ మొదలయ్యాక ప్రతి గురువారం సాయంత్రం ఇద్దరూ నదికి వెళ్లేవారు. బెలార్మినో తొడుక్కునే కోటుకు ఎన్ని జేబులుండేవంటే, దారం కత్తిరించే కత్తెర ఏ జేబులో ఉందో వెతుక్కునేలోపు పైకొచ్చిన చేప ముసలిదైపోయేది. అమాన్సియోకు కోటూ లేదు, జేబులూ లేవు. పాత గుడ్డటోపీ ఒకటి, దాని చుట్టూ గుచ్చిన ఈగలు, తండ్రి చేతి నుంచి వచ్చిన వెదురు గేలంబద్ద. అతను చెయ్యి ఊపితే దారం గాలిలో ఒకసారి వెనక్కి, ఒకసారి ముందుకి పోయి, చివరన ఉన్న ఈగ నీళ్ల మీద తనంతట తాను వాలినట్టు వాలేది. బెలార్మినో ఊపితే వెనక ఉన్న చెట్టుకు తగులుకునేది. చేపలు బెదురుతాయని ఇద్దరూ గొంతు పెంచేవారు కాదు. గంటల తరబడి గుసగుసగా తిట్టుకునేవారు. పొద్దు వాలాక రాళ్ల మీద కూర్చుని, నదిలో చల్లబెట్టిన వైను తాగుతూ, ఎండు గొడ్డుమాంసం పల్చగా కోసుకుని రొట్టెలో పెట్టుకు తినేవారు. అమాన్సియో పట్టిన చేపల్ని పట్టినట్టే వదిలేసేవాడు. కానీ వాటి గురించిన కబుర్లు మాత్రం వచ్చే గురువారం దాకా వదిలేవాడు కాదు.

బెలార్మినో పైకి ఎంత వెటకారం చేసినా, ఆ గురువారాలు లేకపోతే తన బతుకులో మిగతా వారమంతా దేనికో అతనికి తెలిసేది కాదు.

ఆ ఏడు మే నెల చివర్లో అమాన్సియో వైను పీపా ఒంటిచేత్తో ఎత్తబోయాడు. పీపా లేవలేదు గానీ పొత్తికడుపులో పేగు లేచింది. పట్నం ఆసుపత్రిలో ఆపరేషన్ అన్నారు. మనిషికి భయమేమీ లేదు గానీ దిగులంతా బిషప్పుగారి గురించే.

బిషప్పుగారంటే పుంజు. బూడిదా గోధుమా కలిసిన రంగు మీద సన్నటి చుక్కలు, మెడ దగ్గర ఊదారంగు నిగనిగ, అందరూ తన ఉంగరం ముద్దుపెట్టుకోవాలన్నట్టు ఒక నడక. ఆ నడక చూసే ఆ పేరొచ్చింది. లోయలో అంతకు మించిన ఈక లేదని అమాన్సియో శత్రువులు కూడా ఒప్పుకునేవారు.

బస్సెక్కేముందు అమాన్సియో స్నేహితుడి భుజం పట్టుకున్నాడు. "పొద్దునా సాయంత్రం వచ్చి గింజలెయ్యి. నీళ్లు మార్చు. తలుపు గడియ చూసుకో. బిషప్పుగార్ని మాత్రం పెరడు దాటించకు."

"దాటిస్తే?"

"రెస్తితూతోని అడుగు, చెబుతాడు."

రెస్తితూతో అంటే అమాన్సియో సొంత తమ్ముడు. బిషప్పుగారి తండ్రిని ఒక్క రాత్రికి, ఒక్కటంటే ఒక్క రాత్రికి, అవతలిగట్టు వాళ్ల పెట్టల కోసం అరువిచ్చాడు. అప్పట్నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. ఆదివారం ప్రార్థనలో ఫాదరీగారు 'ఒకరికొకరు శాంతి చెప్పుకోండి' అన్నప్పుడు, పక్కనే తమ్ముడు చెయ్యి చాపి నిలబడితే, అమాన్సియో అటు తిరిగి గుడి స్తంభానికి శాంతి చెప్పేవాడు.

బెలార్మినో మొదటి నాలుగు రోజులూ బుద్ధిగా వంతెన దాటాడు. ఎండ మండిపోతోంది. మోకాలు నొప్పి. బిషప్పుగారు గింజలు తిన్నాక కృతజ్ఞతగా చేతి మీద పొడిచేవారు. వారమన్న ఆసుపత్రి మకాం కాస్తా జ్వరం తగిలి ఇంకా సాగింది. ఆ మీద పొలాల్లో నక్క కనిపించిందని ఎవరో అన్నారు. నక్క కనిపించింది అవతలి ఊళ్లో అయినా, బెలార్మినోకు అది చాలు. మట్టి రెండువైపులా ఒకటేనని తేల్చిన మనిషి తను. తన శాస్త్రాన్ని తనే నమ్మకపోతే ఎవరు నమ్ముతారు? దగ్గుమందు సీసాలొచ్చిన పాత అట్టపెట్టెలో బిషప్పుగార్ని కూర్చోబెట్టి, పైన తువ్వాలు కప్పి, మిట్టమధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ చూసి వంతెన దాటించేశాడు.

ఎడమగట్టు బిషప్పుగారికి బాగా నచ్చింది. తిండి పెరిగింది, నీడ దొరికింది. తెల్లవారుజామున లోయ అదిరేలా కూసేవారు.

వంతెన పక్కన సారాకొట్టు నడిపే దొమితీల ఒకరోజు బెలార్మినో ముందు గ్లాసు పెడుతూ, "ఏంటండీ బెలార్మినోగారూ, మీ ఇంట్లో కోడి కూస్తోంది?" అంది.

"రేడియో."

"మీ రేడియో గొంతు అచ్చం అమాన్సియో అన్నగారి పుంజు గొంతులాగే ఉందండీ."

"మంచి రేడియో," అన్నాడు బెలార్మినో, గ్లాసులోకి చూస్తూ.

అమాన్సియో తిరిగొచ్చేనాటికి బిషప్పుగారు తన పెరట్లో తన గంప మీద, కదలనే లేదన్నట్టు కూర్చుని ఉన్నారు. అమాన్సియో బాగా చిక్కిపోయాడు. వంగకూడదు, బరువెత్తకూడదు, మోకాలిలోతు దాటి నీళ్లలోకి దిగకూడదు అని డాక్టర్లు చెప్పి పంపారు. మిగతావన్నీ అతను బస్సు దిగేలోపే మర్చిపోయాడు.

చంద్రుడు తగ్గుముఖం పట్టేదాకా ఆగి, బిషప్పుగార్ని చంకలో ఇరికించుకుని, వీపు మీది ఈకలు ఒక్కొక్కటే పీకాడు. ఆ లోయలో ఈక తీసేది అప్పుడే. పని అయ్యాక పుంజుకు వైనులో నానిన రొట్టెముక్క పెట్టాడు. అదీ ఆచారమే. తర్వాత ఒక ఈకను కిటికీ వెలుగుకు పట్టి చాలాసేపు చూశాడు.

"హుఁ," అన్నాడు. "మబ్బుగా ఉన్నట్టుంది ఇవాళ."

మబ్బు లేదు. పక్కనే ఉన్న బెలార్మినో కళ్లజోడు పెట్టుకుని చూశాడు, తీసి చూశాడు, తుడిచి చూశాడు. ఆ ఈకలో మెరుపు లేదు. పోయిన ఏడు ఈక వెలుగు తగిలితే తేనెలా ఉండేది, ఇది చీపురుపుల్లలా ఉంది. ముప్పయ్యేళ్లు మట్టి ఒకటే, గాలి ఒకటే అని గొంతు చించుకున్న మనిషికి, సీసాల్లో పరీక్ష చేసి తేల్చిన మనిషికి, ఆ కిటికీ దగ్గర నిలబడి ఉండగా మూఢనమ్మకం నిలువునా ఒంట్లోకి దిగింది. గుడి స్తంభం కళ్లముందు కనబడింది.

ఆ ఈకలతోనే అమాన్సియో కొత్త ఈగలు కట్టాడు. ఎప్పుడూ వాడే పసుపు సిల్కుదారం అయిపోతే దొమితీల తన కుట్టుపెట్టెలోంచి ఆకుపచ్చ దారం ఇచ్చింది. దాంతో కట్టి, కొన్ని డబ్బాలో పెట్టాడు, కొన్ని అలవాటుగా టోపీకి గుచ్చుకున్నాడు.

మొదటి గురువారం ఒక్క చేప ముట్టలేదు. చేపలు పైకొస్తున్నాయి, ఈగ కిందకొచ్చి చూస్తున్నాయి, ముక్కు తిప్పుకుని పోతున్నాయి. బెలార్మినోకు అది మామూలే. అమాన్సియోకు కాదు. రెండో గురువారం కూడా అంతే. మూడో గురువారం మాద్రిద్ నుంచి సెలవులకొచ్చిన మొగుడూ పెళ్లాలు పక్కనే నిలబడి, షాపులో కొన్న గులాబీరంగు ఈగతో, కిలకిలా నవ్వుకుంటూ, గంటలో మూడు చేపలు పట్టారు. ఆవిడ మూడోదాన్ని పట్టినప్పుడు ఫోన్లో మాట్లాడుతోంది కూడా.

అమాన్సియో రాయి మీద కూర్చుని తన కుడిచెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"అయిపోయిందిరా," అన్నాడు.

"ఏంటి అయిపోయింది?"

"చెయ్యి. ఆపరేషన్లో మత్తిచ్చారు చూడు, అప్పుడు దీన్లో ఉన్నది కూడా తీసేశారు. దారం నేను చెప్పినట్టు వినట్లేదు."

"ఒరేయ్, వాళ్లు మత్తిచ్చింది నీ పొట్ట కొయ్యడానికి. పొట్టకీ చేతికీ సంబంధమేంట్రా? నేను నలభయ్యేళ్లు మందులమ్మాను, నాకు తెలీదా?"

"నువ్వు దగ్గుమందమ్మావు. నాకు పొట్ట కోశారు."

"ఎండలకి నీళ్లు వేడెక్కాయి. తేటగా ఉన్నాయి. చేపకి మనం కనబడుతున్నాం. అంతే."

"మరి ఆవిడకి కనబడలేదా? ఫోన్లో మాట్లాడుతూ పట్టింది కదరా!"

దానికి బెలార్మినో దగ్గరున్న ఒక్క జవాబూ వంతెన దాటిన అట్టపెట్టెలో ఉంది. దాన్ని బయట పెట్టేంత ధైర్యం అతనికి లేదు. ఆ సాయంత్రం ఇద్దరూ తిట్టుకోలేదు. రొట్టె కూడా సగం తిని చుట్టేశారు. ఇంటికి నడుస్తుంటే బెలార్మినోకు మోకాలి నొప్పి కూడా తెలియలేదు, మనసే అంత బరువుగా ఉంది.

ఆదివారం మధ్యాహ్నం దొమితీల కబురు పంపింది, అమాన్సియో వంతెన మీద నిలబడి ఉన్నాడు, రమ్మంటున్నాడని. వెళ్లి చూస్తే వంతెనకు సరిగ్గా నడిమధ్యన, అటు ఒక్క అడుగు కూడా వెయ్యకుండా నిలబడి ఉన్నాడు. చేతిలో పొడుగాటి మూట. దుప్పటిగుడ్డలో చుట్టిన వెదురు గేలంబద్ద.

"తీసుకో," అన్నాడు.

"ఏంటిది?"

"కళ్లు లేవా? నాన్న బద్ద. నీ దగ్గరుంచు. చెట్లకి వేస్తావో, చేపలకి వేస్తావో నీ ఇష్టం."

"నాకెందుకురా ఇది?"

"ఇంట్లో గోడకుంటే రోజూ చూడాలి. చూడలేను." అమాన్సియో గొంతు ఎప్పట్లాగే మొరటుగా ఉంది గానీ కళ్లు నీళ్లవైపు తిప్పుకున్నాడు. "గురువారాలు ఇక నా కోసం రాకు. దొమితీల కొట్లో పేకాటకి కూర్చుంటాను. ముసలాళ్లంతా చేసే పనేగా."

బెలార్మినో మూట పట్టుకున్నాడు. అది చాలా తేలిగ్గా ఉంది. ఎన్నో ఏళ్లుగా ఒక్కసారి ఆ బద్ద చేతికివ్వమని అడిగి అడిగి తిట్లు తిన్నాడు. ఇప్పుడు అడక్కుండానే వస్తే ఏడుపొచ్చింది. నీ చేతికేం కాలేదని చెబితే వీడు వినడు. వైద్యం చెప్పినా వినడు, శాస్త్రం చెప్పినా వినడు. వీడు వినేది లోకంలో ఒకే ఒక్క మాట. ఆ మాట చెబితే తను రెస్తితూతో పక్కన చేరతాడు. చెప్పకపోతే వీడు పేకముక్కల పక్కన చేరతాడు.

"అమాన్సియో, నీ చెయ్యి బానే ఉందిరా," అన్నాడు. "ఈక చచ్చింది."

"ఏ ఈక?"

"బిషప్పుగారిది." బెలార్మినో ఊపిరి తీసుకున్నాడు. "నువ్వు ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఆయన మా ఇంట్లో ఉన్నాడు."

అమాన్సియో తల తిప్పి బెలార్మినో ఇంటివైపు చూశాడు.

"ఎడమగట్టునా?" అన్నాడు.

"మా ఇల్లు ఇంకెక్కడుంది?"

"ఎన్ని రాత్రులు?"

"చాలా."

"ఎలా తీసుకెళ్లావు?"

"దగ్గుమందు పెట్టెలో."

బెలార్మినో మూటను గుండెకు ఆనించుకుని, వచ్చేది ఏదైనా రానీ అని కళ్లు మూసుకున్నాడు. ముందు తిట్లొచ్చాయి. అమాన్సియో అతన్ని తిట్టాడు, అతని మోకాలిని తిట్టాడు, దగ్గుమందు కనిపెట్టినవాణ్ణి తిట్టాడు, ఇలాంటివాణ్ణి నమ్మి కోడినప్పగించిన తన బుర్రను చెప్పుతో కొట్టుకోవాలన్నాడు. దొమితీల కొట్లోంచి జనం బయటికొచ్చి నిలబడ్డారు. అంతలో తిట్టు మధ్యలో ఆగిపోయింది. బెలార్మినో కళ్లు తెరిచి చూస్తే అమాన్సియో ముఖం దీపావళిలా వెలిగిపోతోంది.

"అంటే," అన్నాడు అమాన్సియో నెమ్మదిగా, "చెయ్యి కాదు."

"చెయ్యి కాదు."

"ఈక!"

"ఈక."

"నేను చెప్పానా లేదా? ముప్పయ్యేళ్లుగా చెబుతున్నానా లేదా? ఒరేయ్ సీసాలోడా!" కుట్లు పట్టేసినా పొట్ట నొక్కుకుని మరీ నవ్వాడు. "ఇటియ్యరా నాన్న బద్ద! నీ చేతికిస్తే చెట్టుకి కట్టేసేవాడివి. నడు. కొట్లోకి నడు. అందరి ముందూ చెప్పు."

బెలార్మినో సారాకొట్లో కుర్చీ పక్కన నిలబడి, ఊరందరి ముందూ చెప్పాడు. ఎడమగట్టు మట్టి కోడి ఈకను చంపుతుందని, తన సీసాలు తప్పని, అమాన్సియో ఒప్పని. మధ్యలో గొంతు తగ్గితే, వెనకబల్లవాళ్లకు వినబడలేదు మళ్లీ చెప్పమన్నాడు అమాన్సియో. మళ్లీ చెప్పాడు. ఫాదరీగారు కూడా అక్కడే ఉన్నారు. ఇంత చక్కని పాపాల ఒప్పుకోలు తన ఉద్యోగంలో వినలేదన్నారు.

"నాకెప్పుడో తెలుసు," అంది దొమితీల గ్లాసులు తుడుస్తూ. "మీ రేడియో మంచిదని."

ఇంత జరిగాక రెస్తితూతో గతి తనకు ఎందుకు పట్టలేదా అని బెలార్మినో రెండురోజులు ఆలోచించాడు. గెలిచినవాడికి ఉదారబుద్ధి పొంగుకొస్తుంది కాబోలు. ఆ ఉదారబుద్ధి ఎంతదాకా పొంగిందంటే, తర్వాతి ఆదివారం 'శాంతి చెప్పుకోండి' అన్నప్పుడు అమాన్సియో స్తంభాన్ని వదిలేసి తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు. ముఖ్యంగా, తను చెప్పింది నిజమని రుజువైన సంగతి తమ్ముడికి తెలియాలి కదా! రెస్తితూతో దానికీ సంతోషించాడు. పాపం, చెయ్యి చాపీ చాపీ అతనికి భుజం లాగేస్తోంది.

ఆ మర్నాడు అమాన్సియో కొత్త ఈగల డబ్బాను పొయ్యిలో బోర్లించి తగలబెట్టాడు. పోయిన ఏడువి, పసుపుదారంవి కొన్ని మిగిలి ఉంటే టోపీకి గుచ్చుకున్నాడు. గురువారం సాయంత్రం వంతెన కిందకు ఇద్దరూ దిగారు. అమాన్సియో మోకాలిలోతులో ఆగాడు. బెలార్మినో వల పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. తన బద్ద తీసుకురాలేదు, జేబుల కోటు కూడా వేసుకోలేదు. ఈ సాయంత్రం చేప పడకపోతే ఏమౌతుందో అతనికి బాగా తెలుసు. అమాన్సియోకు నిందించడానికి ఇక ఈక ఉండదు, గట్టు ఉండదు. చెయ్యి ఒక్కటే మిగులుతుంది.

పొద్దు కొండ వెనక్కి జారింది. అమాన్సియో టోపీ తియ్యకుండానే తడిమి ఒక ఈగ పీక్కుని, దారానికి ముడేశాడు. మొదటిసారి వేశాడు, ఏమీ లేదు. రెండోసారి, లేదు. అలా వేస్తూనే ఉన్నాడు. నీళ్ల మీద వెలుగు పల్చబడుతోంది.

"వెనక్కి ఇంకొంచెం తియ్యి," అని గొణిగాడు బెలార్మినో.

"చెట్లు పట్టేవాడివి నాకు చెబుతున్నావా?"

"తొందరపడకురా, అంతే."

"నోర్ముయ్యి. చేపలు వింటాయి."

అవతలి రాయి వెనక ఒక బుడగ పగిలింది. అమాన్సియో దారం గాలిలో వెనక్కి పోయి, ముందుకొచ్చి, ఈగ ఆ రాయి అంచున వాలింది. నీళ్లు ఒక్కసారి పగిలాయి. బద్ద విల్లులా వంగింది. చేప అడుగుకు పోయింది, పైకొచ్చింది, గాలిలో ఎగిరింది. బెలార్మినో తన వయసూ మోకాలూ మర్చిపోయి, నడుందాకా తడుస్తూ పరిగెత్తి వల కింద పెట్టాడు. మూర దాటి ఉంది చేప. ఆ ఏడు లోయలో ఎవరికీ అంతది పడలేదు.

"చెయ్యి ఉందిరా!" అమాన్సియో అరుస్తున్నాడు. చేపలు వింటాయన్న ధ్యాసే లేదు. "చూశావా? నా చెయ్యి నాకే ఉంది!"

"ఉంది, ఉంది. గెంతకు, కుట్లు ఊడతాయి."

అమాన్సియో వంగకూడదు గనక బెలార్మినోనే వంగి, చేపను నీళ్లలోనే పట్టుకుని, మెడకు వేలాడే కళ్లజోడు ముక్కు మీద పెట్టుకుని, దవడలోంచి కొక్కెం తీశాడు. తీసి వెలుగుకు పట్టాడు.

ఆకుపచ్చ దారం.

డబ్బాలోవి తగలబడ్డాయి గానీ, అంతకుముందు టోపీకి గుచ్చుకున్నవి అక్కడే ఉండిపోయాయి. ఇది ఎడమగట్టు ఈక. బిషప్పుగారు తన ఇంట్లో పడుకుని, తన గింజలు తిని, తన నిద్ర చెడగొట్టినప్పటి ఈక. ఏడాదిలోకెల్లా పెద్ద చేప దాన్నే మింగింది. ముప్పయ్యేళ్ల తగువుకు తీర్పు అతని రెండు వేళ్ల మధ్య తడితడిగా ఉంది. ఏ సీసా అక్కర్లేదు. ఊరందరి ముందూ కుర్చీ పక్కన నిలబడి మింగిన అవమానమంతా ఇప్పుడు వడ్డీతో సహా కక్కించవచ్చు. మాట నాలుక మీదికి వచ్చేసింది కూడా. బతుకంతా అతను గెలిచే మాటను మింగి ఎరగడు. అమాన్సియో దగ్గరైతే అసలే ఎరగడు.

తలెత్తి చూశాడు. అమాన్సియో మోకాలిలోతు నీళ్లలో నిలబడి, టోపీ చెవి మీదికి జారి, కుడిచెయ్యి ఇంకా పైకెత్తే ఉంచి, దాన్నే చూసుకుంటూ నవ్వుతున్నాడు.

"ఏ ఈకరా అది?" అన్నాడు. "మంచి ఈకేనా?"

"కుడిగట్టుదే," అన్నాడు బెలార్మినో. అతను జీవితంలో అమ్మిన మందుల్లో ఇంత చేదుది ఒక్కటీ లేదు. "ఈ మెరుపు ఇంకెక్కడొస్తుంది?"

చేపను వదిలేశాడు. దాంతోపాటు ఈగను దారం దగ్గర తుంచి, ప్రవాహంలోకి జారవిడిచాడు. అది రెండు తిరుగుళ్లు తిరిగి, తేలుతూ, ఎటుపోవాలో తెలిసినట్టు ఎడమగట్టువైపే పోయింది.

"ఏం పారేశావు?"

"దారం తెగింది. ఈగ జారిపోయింది."

"చేతకాని వెధవా! చచ్చిన ఈగను కూడా పట్టుకోలేవు."

"అవున్రా. చేతకాదు."

అమాన్సియో నవ్వు ఆపేసి అనుమానంగా చూశాడు. ముప్పయ్యేళ్లలో తన తిట్టుకు బెలార్మినో అవునన్నది ఇదే మొదటిసారి. "నీకు ఒంట్లో బాగుందా?"

"బానే ఉంది. ఆ టోపీ ఇటియ్యి, ఇంకోటి నేను కడతాను."

"నాకు చేతుల్లేవా?"

"చేతులున్నాయి, కళ్లే లేవు. ఇకనుంచి ఈగ ఏరేది నేను. ఇటియ్యమన్నానా!"

"నా కళ్లకేమైందిరా?"

"ముందు గొంతు తగ్గించు, చేపలు వింటాయి."

అమాన్సియో గొణుక్కుంటూనే టోపీ తీసి ఇచ్చాడు. బెలార్మినో దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, అంచు చుట్టూ ఒక్కొక్క ఈగనే వెలుగుకు తిప్పి చూడడం మొదలుపెట్టాడు. రెండోది కూడా ఆకుపచ్చదే. దాన్ని అరచేతిలో దాచుకుని, పసుపుది ఒకటి తీసి, తిట్లు తింటూ, తిరిగి తిడుతూ, నెమ్మదిగా ముడెయ్యసాగాడు.